వ్యోమగాములందరినీ వీరులు అనవచ్చా?

మీరు అడిగింది సూటిగానే ఉంది. పేరున్న వ్యోమగాములను వీరులని పొగడడం సబబేనా? వాళ్లు జీతానికి పనిచేసేవాళ్లు, ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాళ్లు, వేలమంది తయారుచేసిన యంత్రంలో కూర్చుని వెళ్లి వచ్చేవాళ్లు. మంటల్లోకి దూకి మనుషుల్ని బయటికి లాగే అగ్నిమాపక సిబ్బందితో వాళ్లను ఒకే గాటన కట్టడం అతి కాదా అన్నది మీ సందేహం.

నేను రాకెట్ ఇంజన్లను నేల మీద బిగించి, మండించి పరీక్షించే విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నేను పరీక్షించిన ఇంజన్లేవీ మనిషిని మోసుకెళ్లలేదు. కానీ మనుషుల్ని మోసుకెళ్లిన రాకెట్ల ప్రమాద నివేదికలను మేము పాఠాల్లా చదువుకున్నాం. ఎక్కడ ఏ రబ్బరు కట్టు తెగింది, ఎవరు ఎప్పుడు హెచ్చరించారు, ఆ హెచ్చరిక ఏ బల్ల దగ్గర ఆగిపోయింది అన్నవి మాకు కంఠతా వచ్చేవి. అందువల్ల ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

అంతరిక్షంలోకి వెళ్లినంత మాత్రాన ఎవరూ వీరులు కారు. వెళ్లినవాళ్లలో కొందరు, కొన్ని రోజుల్లో చేసిన పనులు మాత్రం ఆ మాటకు నూటికి నూరుపాళ్లు తగినవి. ఆ పనులు చాలావరకు వాళ్లకు పేరు తెచ్చిన పనులు కావు. పైగా ఆ మాటను అందరికీ సమానంగా పంచిపెడితే ఒక పెద్ద అన్యాయం దాని కింద కప్పబడిపోతుంది. అది కాస్త ఆగి చెబుతాను.

ముందు మాట సంగతి చూద్దాం. హీరో అనగానే మనకు తెర మీద బొమ్మ గుర్తొస్తుంది. వీరుడు అంటే యుద్ధం, ఎదురుగా శత్రువు. సాహసి అన్న మాటలో మెచ్చుకోలుతో పాటు వెనకాముందు చూడని మనిషి అన్న చిన్న మందలింపు కూడా ఉంది. వెనకాముందు చూడనివాణ్ని వ్యోమగాముల ఎంపికలో మొదటి మెట్టు మీదే ఇంటికి పంపేస్తారు. ఈ మూడింటికంటే సరిగ్గా అతికే మాట మన దగ్గర ఉంది, ధీరుడు. మనసు చెదరడానికి కారణం కళ్లెదుటే ఉన్నా ఎవరి మనసు చెదరదో వాళ్లే ధీరులని పెద్దలు ఎప్పుడో చెప్పారు. పేరున్న వ్యోమగాముల్లో చాలామందికి ఈ మాట ఇవ్వడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. 2013 జులై 16న ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల పనిచేస్తున్నాడు. తల వెనక చల్లగా తడి తగిలింది. నేల మీదివాళ్లకు చెప్పాడు. తాగే నీళ్ల సంచీ కారుతోందేమో అనుకున్నారు. తడి పెరిగింది. అక్కడ నీరు కిందికి జారదు. ఏ ఉపరితలాన్ని తాకితే దానికి అంటుకుని పాకుతుంది. చెవుల్లోకి వచ్చింది, కళ్ల మీదికి వచ్చింది. వెనక్కి రమ్మని ఆదేశం వచ్చింది. దారిలో ఒక అడ్డంకిని తప్పించుకోవడానికి శరీరాన్ని తిప్పగానే నీరు ముక్కును కప్పేసింది. సరిగ్గా అప్పుడే సూర్యుడు అస్తమించాడు. కళ్లకు ఏమీ కనబడదు, మాటలు సరిగా వినబడవు, ముక్కుతో గాలి పీల్చే వీలు లేదు. ఇంకోసారి ఊపిరి తీసుకుంటే నోట్లోకి గాలి వస్తుందో నీరు వస్తుందో తెలియదు.

అప్పుడు ఆయనకు నడుముకున్న తాడు గుర్తొచ్చింది. వ్యోమగామి కొట్టుకుపోకుండా కట్టే ఆ తీగ ఒక చిన్న స్ప్రింగు చుట్టకు చుట్టుకుని ఉంటుంది. అది ఎప్పుడూ సన్నగా వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడు ఎటు ఉంటే ద్వారం అటు ఉన్నట్టు. దాన్నే పట్టుకుని, చేతులతో తడుముకుంటూ చేరుకున్నాడు. లోపలికి గాలి నింపే ఆ నిమిషాలు కదలకుండా ఉన్నాడు. తోటి వ్యోమగామి క్రిస్ కాసిడీ ఆయన చేయి నొక్కితే, బతికే ఉన్నానన్నట్టు తిరిగి నొక్కాడు. శిరస్త్రాణం విప్పాక లెక్కేస్తే లోపల చేరిన నీరు సుమారు లీటరున్నర.

ధైర్యం అంటే గుండె దిటవు మాత్రమే అనుకునేవాళ్లకు ఈ తాడు సంగతి చెబుతుంటాను. ఆ లాగుడు అంతకుముందు ఎన్నోసార్లు నడుముకు తగిలే ఉంటుంది, విసుగు పుట్టించే ఉంటుంది. ఊపిరి ఆడని క్షణంలో అది దారి చూపే వస్తువని గుర్తుకు రావడమే ధీరత. అది పుట్టుకతో వచ్చే గుణం కాదు. వందల గంటల సాధన తర్వాత వేళ్లలో మిగిలే జ్ఞానం. శిక్షణ పొందినవాళ్లు కదా, ఇక వీరత్వం ఏముంది అని మీరన్నారు. శిక్షణ భయాన్ని తీసేయదు. భయపడుతూనే చేయాల్సిన పని చేసేలా మనిషిని తయారుచేస్తుంది, అంతే.

ఇందులో నాలాంటివాళ్లను ఇప్పటికీ కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. అంతకు వారం ముందు, జులై 9న, అదే దుస్తులతో బయటికి వెళ్లి వచ్చినప్పుడు కూడా లోపల నీరు కనిపించింది. సంచీ కారిందని సరిపెట్టుకున్నారు. అసలు కారణం నీటిని గాలి నుంచి వేరుచేసే భాగంలోని సన్నని రంధ్రాలు మలినాలతో పూడుకుపోవడం. తేలిగ్గా దొరికిన వివరణ దగ్గర ఆగిపోయినందుకు ఒక మనిషి అంతరిక్షంలో నీళ్లలో మునిగి చనిపోయేంత పని జరిగింది. ఆయన ధీరత నిజం. ఆ ధీరత అవసరపడేలా చేసిన పొరపాటూ అంతే నిజం. వ్యోమగాముల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలిపే చెప్పాలి.

మీ సందేహాన్ని మీకంటే ముందు, ఎంతో అధికారంతో, చెప్పిన మనిషి మైకేల్ కొలిన్స్. 1969లో అపోలో 11లో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద నడుస్తుంటే పైన ఒంటరిగా తిరిగిన వ్యోమగామి. నలభై ఏళ్ల తర్వాత, 2009లో, వీరులు లోకంలో చాలామంది ఉన్నారు, వాళ్లను గౌరవించాలి, కానీ వ్యోమగాములను వాళ్లలో లెక్కించకండి అన్నాడు. మేము కష్టపడ్డాం, పనిని దాదాపు లోపం లేకుండా చేశాం, అయితే మమ్మల్ని తీసుకున్నదే ఆ పనికి. కర్తవ్యాన్ని మించి చేసినవారికి ఇచ్చే యుద్ధ పతకపు కొలతకు మేము తూగం అన్నది ఆయన వాదన.

ఆ మాటకు ముప్పాతిక వంతు తలూపుతాను. మిగిలిన పాతిక వంతు దగ్గర ఆగుతాను. ఎందుకంటే ఆ ముగ్గురూ బయలుదేరే ముందు చేసిన ఒక పని నాకు గుర్తొస్తుంది. అంతటి ప్రమాదానికి సరిపడే జీవిత బీమా వాళ్లకు అందుబాటులో లేదు. అందుకని కవర్ల కట్టలు తెచ్చుకుని వాటి మీద ముగ్గురూ సంతకాలు చేశారు. ప్రయోగం రోజున, చంద్రుడి మీద దిగే రోజున వాటికి తపాలా ముద్ర వేయించే ఏర్పాటు చేశారు. తాము తిరిగి రాకపోతే ఇంట్లోవాళ్లు వాటిని అమ్ముకుని బతకాలన్నది ఆలోచన. బల్ల ముందు కూర్చుని, ఒక్కొక్క కవరు మీద పేరు రాస్తూ, ఇది నేను చచ్చిపోతే పిల్లల చదువుకు అని మనసులో అనుకున్న మనిషికి తాను ఎక్కడికి వెళుతున్నదీ తెలుసు. వాళ్లిద్దరినీ అక్కడే వదిలేసి ఒంటరిగా భూమికి తిరిగి రావాల్సి వస్తుందేమో అన్నది తనను ఆరు నెలలుగా వెంటాడిన భయమని కొలిన్స్ స్వయంగా రాసుకున్నాడు. జీతం తీసుకున్నారన్న కారణంతో ఈ తెలివిడిని కొట్టిపారేయలేం. అగ్నిమాపక సిబ్బంది కూడా జీతం తీసుకునేవాళ్లే కదా.

ప్రమాదం తెలిసి వెళ్లడం ఒక మెట్టు. దాని మీద పేరు ఎలా వచ్చి పడుతుందన్నది వేరే కథ, అందులో చాలావరకు వరుస క్రమమే. అమెరికా మొదటి ఏడుగురు వ్యోమగాములను 1959 ఏప్రిల్ 9న విలేకరుల ముందు కూర్చోబెట్టినప్పుడు వాళ్లలో ఒక్కరూ అంతరిక్షం చూడలేదు. మొదటివాడు వెళ్లడానికి ఇంకా రెండేళ్లు ఉంది. అయినా ఆ సాయంత్రానికే వీరులైపోయారు. వాళ్ల కుటుంబ కథల హక్కుల కోసం ఒక పెద్ద పత్రిక ఏడుగురికీ కలిపి 5 లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. పని జరగకముందే బిరుదు వచ్చిందన్నమాట. అపోలోలోనూ అంతే. అపోలో 8కి ప్రత్యామ్నాయ బృందంలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ మూడు ప్రయాణాల తర్వాత అపోలో 11కి వచ్చారు. ముందరి ప్రయాణాల్లో ఏదో ఒకటి తేడా కొట్టి ఉంటే ఆ మొదటి అడుగు అపోలో 12 నాయకుడు పీట్ కాన్రాడ్‌ది అయి ఉండేది. అప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ధైర్యం ఒక్క వీసమెత్తు తగ్గేదా?

సోవియట్ వైపు ఈ తేడా ఇంకా కటువుగా ఉంటుంది. యూరీ గగారిన్‌తో పాటు మొదటి జట్టులో ఎంపికైన ఇరవై మందిలో వాలెంతిన్ బొందరెంకో ఒకడు. 1961 మార్చి 23న, ఒంటరితనాన్ని పరీక్షించే గదిలో పదో రోజున, ఒంటికి అంటించిన పరికరాలు తీసేసి చర్మాన్ని ఆల్కహాల్ దూదితో తుడుచుకున్నాడు. ఆ దూది వేడి పలక మీద పడింది. గదిలో ఆక్సిజన్ ఎక్కువగా ఉంది. మంటల్లో కాలి చనిపోయాడు. వయసు 24 ఏళ్లు. సరిగ్గా ఇరవై రోజుల తర్వాత గగారిన్ 108 నిమిషాల ప్రయాణంతో ప్రపంచానికంతటికీ తెలిసిపోయాడు. బొందరెంకో పేరు పాతికేళ్లు బయటికి రాలేదు. గగారిన్‌ను పంపిన రాకెట్‌ను రూపొందించిన సెర్గేయ్ కొరొల్యోవ్ ఎవరో 1966లో ఆయన పోయేదాకా ప్రజలకు చెప్పలేదు. గగారిన్ గొప్పవాడు కాడని నేను అనడం లేదు. ఆ లోహపు గోళంలో మొదట కూర్చున్నవాడికి నేను ఎప్పుడూ చేతులు జోడిస్తాను. పేరును కొలబద్దగా పెట్టుకుంటే మాత్రం లెక్క తప్పుతుందని అంటున్నాను.

ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతే తీసుకోండి. నిచ్చెన దిగిన అడుగు అందరికీ తెలుసు. ఆ అడుగులో వీరత్వం చాలా తక్కువ. నా దృష్టిలో ఆయన రోజు 1966 మార్చి 16. జెమిని 8 నౌక, ముందుగా పంపిన అజీనా అనే వాహనంతో అనుసంధానమైన కాసేపటికి రెండూ కలిసి దొర్లడం మొదలుపెట్టాయి. తప్పు అజీనాదనుకుని విడిపోయారు. విడిపోగానే దొర్లడం ఇంకా పెరిగింది, సెకనుకు దాదాపు ఒక చుట్టు. లోపం తమ నౌకలోనే ఒక థ్రస్టర్, అంటే నౌకను తిప్పే చిన్న ఇంజన్, తెరుచుకుని ఉండిపోవడంలో ఉంది. చూపు మసకబారుతోంది, ఇంకొంచెం సేపైతే స్పృహ తప్పుతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ వ్యవస్థను మొత్తంగా ఆపేసి, భూమికి దిగేటప్పుడు మాత్రమే వాడాల్సిన వేరే థ్రస్టర్లతో నౌకను నిలబెట్టాడు. విడిపోవడానికి ముందు ఆ హడావుడిలోనే తోటి వ్యోమగామి డేవిడ్ స్కాట్, అజీనా నియంత్రణను నేల మీదివాళ్లకు అప్పగించాడు. తాము బతకకపోయినా ఏం జరిగిందో వాళ్లు తెలుసుకునేందుకు అది పనికొస్తుంది. ఆ మీటను ఆ క్షణంలో గుర్తుపెట్టుకున్నవాడి గురించి నేను గంటసేపు మాట్లాడగలను.

వేలమంది తయారుచేసిన యంత్రం అన్నారు కదా, ఆ వేలమంది దగ్గరికి వస్తాను. అపోలో పనిలో సుమారు 4 లక్షల మంది పాల్గొన్నారు. చంద్రుడి మీద వేసుకున్న దుస్తుల్లో 21 పొరలు ఉండేవి. వాటిని డెలావేర్ రాష్ట్రంలోని ఐఎల్‌సీ సంస్థలో మహిళలు కుట్టు మిషన్ల మీద కుట్టారు. కుట్టు గీత దాటితే విప్పి మళ్లీ కుట్టాల్సిందే. ఎక్కడైనా గుండుసూది ఉండిపోయిందేమోనని దుస్తులకు ఎక్స్‌రే తీసేవారు. అపోలో 12 వానలో పైకి లేచిన 36 సెకన్లకే పిడుగు పడి, నౌక పంపే లెక్కలన్నీ చెత్తగా మారిపోయినప్పుడు, జాన్ ఆరన్ అనే 26 ఏళ్ల ఇంజనీరు ఆ చెత్త వరసను అంతకుముందు ఒక పరీక్షలో చూసినట్టు గుర్తుపట్టాడు. ఎస్‌సీఈ అనే స్విచ్చును ఆక్స్ వైపు వేయమన్నాడు. అదేమిటో ఆ గదిలోని పెద్దలకు కూడా వెంటనే అందలేదు. నౌకలో అలన్ బీన్‌కు ఆ స్విచ్చు ఎక్కడుందో తెలుసు. లెక్కలు తిరిగి వచ్చాయి, ప్రయాణం నిలబడింది.

ఆరన్ చేసింది మహా ప్రజ్ఞ. దాన్ని వీరత్వం అంటే ఆయనే ఒప్పుకోకపోవచ్చు, ఆయన ప్రాణానికి ముప్పు లేదు కాబట్టి. కానీ నేల మీద పనిచేసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. 1981 మార్చి 19న, అమెరికా అంతరిక్ష షటిల్ కొలంబియా మొదటి ప్రయాణానికి మూడు వారాల ముందు, దాని వెనక భాగంలోకి కొందరు టెక్నీషియన్లు పనికి వెళ్లారు. లోపల అంతా నైట్రోజన్. దానికి రంగు లేదు, వాసన లేదు. ఒకరు ఆ రోజే పోయారు, మరొకరు కొద్ది రోజుల తర్వాత. వాళ్ల పేర్లు జాన్ బ్యోర్న్‌స్టాడ్, ఫారెస్ట్ కోల్. బ్రెజిల్‌లోని అల్కాంతరాలో 2003 ఆగస్టు 22న ప్రయోగ వేదిక మీదే రాకెట్ మోటారు తనంతట తాను అంటుకుని 21 మంది చనిపోయారు. ఈ పేర్లు మనకు గుర్తుండవు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక సంస్థలో, తెల్లవారితే ఇంజన్ మండించాల్సిన రాత్రి అది. మా పనిముట్ల పెట్టెలో ప్రతి పానాకూ దాని ఆకారంలోనే కోసిన గూడు ఉంటుంది. ఏ గూడూ ఖాళీగా లేదు. లెక్క సరిపోయింది, సంతకాలు అయిపోయాయి. అర్ధరాత్రి దాటాక ఒక కుర్ర టెక్నీషియన్ నా గది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. చేతిలో రబ్బరు తొడుగు ఉంది. చిటికెన వేలి కొస లేదు. "సార్, ఉదయం వేసుకున్నప్పుడు బాగానే ఉంది. ఆ ముక్క ఎక్కడా కనబడలేదు. చెత్తబుట్టలో కూడా వెతికాను" అన్నాడు. మాట్లాడుతుంటే తొడుగు వణుకుతోంది. ద్రవ ఆక్సిజన్ ప్రవహించే గొట్టంలో రబ్బరు ముక్క ఉంటే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. ఆ ముక్క గొట్టంలోనే ఉందన్న రుజువు ఏమీ లేదు. అతను చెప్పకపోతే తెలుసుకునే దారి కూడా ఎవరికీ లేదు. పరీక్ష ఆపించాను. పైవాళ్లు నన్ను గట్టిగానే కేకలేశారు, అతణ్ని అంతకంటే గట్టిగా. రెండో రోజు మధ్యాహ్నం ఆ ముక్క దొరికింది. వాల్వుకు ముందున్న జల్లెడకు అతుక్కుని, గోటి కొసంత. అతని ఉద్యోగం కొత్తది, ఇంకా ఖాయం కాలేదు. నేను ఎవరినైనా వీరులని అనేముందు ఆ గుమ్మంలో నిలబడిన మనిషిని పక్కన పెట్టి కొలుస్తాను.

ఇప్పుడు, ముందు చెబుతానన్న అన్యాయం. 1986 జనవరి 28న చాలెంజర్ షటిల్ పైకి లేచిన 73 సెకన్లకు విచ్ఛిన్నమై ఏడుగురు చనిపోయారు. వాళ్లలో క్రిస్టా మెకాలిఫ్ అనే ఉపాధ్యాయిని ఉంది. ఆ సాయంత్రం నుంచి ఈనాటిదాకా వినిపించే మాట, వీరులు ప్రాణత్యాగం చేశారు అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. త్యాగం అంటే తెలిసి ఇచ్చేది. వాళ్లకు తెలియనివ్వలేదు.

ముందు రోజు రాత్రి బూస్టర్, అంటే షటిల్‌ను పైకి నెట్టే రాకెట్, తయారుచేసిన మోర్టన్ థియోకోల్ సంస్థకూ నాసాకూ మధ్య ఫోనులో సుదీర్ఘ చర్చ జరిగింది. చలికి బూస్టర్ అతుకుల్లోని రబ్బరు వలయాలు బిగుసుకుపోతాయని, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉంటే ప్రయోగించవద్దని ఇంజనీర్లు చెప్పారు. రోజర్ బోజలీ ఫోటోలు ముందు పెట్టి వాదించాడు. చివరికి ఆ సంస్థ పెద్దలు ఇంజనీర్లను పక్కన పెట్టి తమ సిఫారసును తిప్పేశారు. అలన్ మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీరు దాని మీద సంతకం పెట్టనన్నాడు. ఆయన పెట్టకపోతే పైవాళ్లు పెట్టి పంపించారు. ఉదయం ప్రయోగ సమయానికి అక్కడ 36 డిగ్రీలు, అంటే మన లెక్కలో 2 డిగ్రీల సెల్సియస్. ఈ వాదన జరిగిందన్న సంగతి ఆ ఏడుగురికీ చేరలేదు. వాళ్లు నవ్వుతూ, చేతులూపుతూ ఎక్కారు.

రాత్రి వాదన విని, అయినా వెళతాం అని ఉంటే అది వాళ్ల ఎంపిక. వద్దు అని ఉంటే అదీ వాళ్ల హక్కు. రెండూ వాళ్లకు దక్కలేదు. అలాంటి చావును త్యాగం అంటే సంతకం పెట్టినవాళ్ల తప్పు దండల కింద కనబడకుండా పోతుంది. 1967లో అపోలో 1 మంటల్లో పోయిన ముగ్గురి విషయమూ ఇంతే. అది నేల మీద జరిగిన సన్నాహక పరీక్ష. రాకెట్‌లో ఇంధనం లేదు కాబట్టి దాన్ని ప్రమాదకరమైన పరీక్షల లెక్కలో వేయలేదు. లోపల మాత్రం ఒత్తిడితో నింపిన స్వచ్ఛమైన ఆక్సిజన్, లోపలికి మాత్రమే తెరుచుకునే తలుపు. 2003లో కొలంబియా ఎడమ రెక్కకు నురుగు ముక్క తగిలిందని కక్ష్యలో ఉన్న సిబ్బందికి చెప్పారు, దాంతో పాటు ఆందోళన అవసరం లేదనీ చెప్పారు. రెక్క ఫోటోలు తీయించాలని అడిగిన ఇంజనీర్ల మాట సాగలేదు. వీళ్లందరినీ ప్రేమించండి, స్మరించండి. కానీ వాళ్ల చావుకు వీరమరణం అని పేరుపెట్టి ఫైలు మూసేయనివ్వకండి.

మాట వచ్చింది కాబట్టి, చాలెంజర్‌లో వీరత్వం లేదని నేను అనలేదు. నౌక చీలిపోయినా సిబ్బంది గది చీలిపోలేదు. సముద్రాన్ని తాకడానికి రెండున్నర నిమిషాలకు పైగా పట్టింది. తర్వాత దొరికిన నాలుగు అత్యవసర గాలి సంచుల్లో మూడు తెరిచి ఉన్నాయి. వాటిలో ఒకటి పైలట్ మైక్ స్మిత్‌ది. దాని మీట ఆయన కుర్చీ వెనక ఉంటుంది, ఆయన చేతికి అందదు. అంటే వెనక కూర్చున్న జూడిత్ రెస్నిక్ గానీ ఎలిసన్ ఒనిజుకా గానీ ముందుకు వంగి తిప్పి ఉండాలి. చీకటైపోయి, అన్నీ ఆగిపోయిన ఆ పెట్టెలో ఎవరో ముందు కుర్చీలోని మనిషికి గాలి అందేలా చేశారు. నాకు చాలెంజర్ వీరత్వం అంటే ఆ చేయి. ప్రసంగాల్లో అది వినిపించదు. ఇలాంటి ఆఖరి క్షణాల గురించి ప్రచారంలో ఉండే కథల్లో చాలావాటికి ఆధారం లేదని కూడా గుర్తుంచుకోండి. 1967లో సోవియట్ నౌక సోయుజ్ 1 పారాచూట్ తెరుచుకోక మరణించిన కొమరోవ్ చివరి మాటలంటూ తిరిగేవాటిని నేనైతే ఎవరికీ చెప్పను.

పీఠం మీద కూర్చోబెట్టడం వల్ల బతికున్నవాళ్లకూ నష్టమే. ఆల్డ్రిన్ చంద్రుడి నుంచి వచ్చాక కుంగుబాటుతో, మద్యంతో ఏళ్ల తరబడి పోరాడాడు. 1970లలో, అలాంటివి దాచుకునే రోజుల్లో, దాన్ని బహిరంగంగా చెప్పాడు. చంద్రుడి మీద నడవడం కంటే ఆ మాట చెప్పడానికే ఆయనకు ఎక్కువ గుండె కావాల్సి వచ్చి ఉంటుందని నా నమ్మకం. కల్పనా చావ్లా విషయం కూడా చాలామందికి తెలియదు. 1997లో ఆమె మొదటి ప్రయాణంలో రోబో చేయితో వదిలిన స్పార్టన్ ఉపగ్రహం అదుపు తప్పింది. ఇద్దరు వ్యోమగాములు బయటికి వెళ్లి దాన్ని చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. వేళ్లన్నీ ఆమె వైపే చూపాయి. విచారణలో సాఫ్ట్‌వేర్‌లో, పని పద్ధతుల్లో ఉన్న లోపాలు బయటపడ్డాయి, ఆమె మీద మచ్చ తొలగింది. ఆ నెలలన్నీ తలవంచుకుని తర్వాతి పని నేర్చుకున్న మనిషి ఆమె. పిల్లలకు చెప్పాల్సిన కల్పన ఈ కల్పన అని నేను అనుకుంటాను. తప్పు చేయని దేవతగా చూపిస్తే, రేపు తమ చేతిలో ఏదైనా విరిగినప్పుడు ఆ పిల్లలకు ఏమీ మిగలదు.

ఇంతకీ పూర్తిగా, ఏ సందేహమూ లేకుండా వీరుడని నేను అనే వ్యోమగామి ఎవరని అడిగితే, గెన్నాది స్త్రెకలోవ్ పేరు చెబుతాను. మీరు విని ఉండకపోవచ్చు. 1983 సెప్టెంబరు 26 రాత్రి ఆయన, వ్లదీమిర్ తితోవ్ సోయుజ్‌లో కూర్చుని ప్రయోగం కోసం ఎదురుచూస్తున్నారు. ఇంకో నిమిషంన్నర ఉందనగా కింద ఇంధనం చిమ్మి రాకెట్ అంటుకుంది. లోపలివాళ్లకు మంట కనబడదు, ఏదో తేడాగా కంపించడం మాత్రమే తెలిసింది. వాళ్లను తప్పించే వ్యవస్థకు ఆదేశం తీసుకెళ్లే తీగలు అప్పటికే కాలిపోయాయి. వేర్వేరు గదుల్లో ఉన్న ఇద్దరు మనుషులు ఒకేసారి బొత్తాలు నొక్కితేనే రేడియో ద్వారా ఆదేశం వెళుతుంది. నొక్కారు. నౌక పై భాగం రాకెట్ నుంచి తెగి పైకి ఎగిరింది. శరీర బరువుకు పద్నాలుగు రెట్లకు పైగా ఒత్తిడి కొన్ని సెకన్ల పాటు వాళ్ల మీద పడింది. కొద్ది సెకన్లకే కింద రాకెట్ పేలిపోయింది. నాలుగు కిలోమీటర్ల అవతల ప్రాణాలతో దిగారు.

ఆరు నెలలు దాటిన కొద్ది రోజులకే, 1984 ఏప్రిల్ 3న, స్త్రెకలోవ్ అదే రకం రాకెట్ మళ్లీ ఎక్కాడు. పక్కన కమాండర్ మలిషెవ్, మూడో కుర్చీలో రాకేశ్ శర్మ. ఆ రోజు, రాకెట్ అంటుకుంటే ఎలా ఉంటుందో లోపల కూర్చున్నవాళ్లలో ఒక్కడికే తెలుసు. పక్కన ఉన్నది మొదటిసారి వెళుతున్న మనిషి అని కూడా తెలుసు. ముగ్గురికీ అశోక చక్ర ఇచ్చారు. శర్మ పేరు మనకు గుర్తుండిపోయింది, ఉండాల్సిందే. మిగిలిన ఇద్దరినీ మరిచిపోయాం.

నేను ఆయన్ని ఎంచుకోవడానికి ఆ రెండో ప్రయాణం ఒక్కటే కారణం కాదు. 1995లో, యాభై ఏళ్లు దాటాక, మీర్ అంతరిక్ష కేంద్రంలో ఉన్నప్పుడు, ముందు అనుకోని మరో అంతరిక్ష నడకకు వెళ్లమని నేల మీద నుంచి చెప్పారు. స్త్రెకలోవ్ ఆ పనిని బేరీజు వేసుకుని, ఇది ప్రమాదకరం, వెళ్లనని చెప్పేశాడు. తిరిగి వచ్చాక జరిమానా విధించారు. ఆయన దాన్ని ఒప్పుకోకుండా సవాలు చేశాడు.